పదో సభ్యుని ధ్రువపత్రం

సహకార సంఘాల ఇన్‌స్పెక్టరుగా పనిచేసిన కాలమంతటిలో, మొదటి తీర్మానం నుంచి వందన సమర్పణ వరకు ఒక్క కుర్చీ కూడా విరగకుండా ముగిసిన సర్వసభ్య సమావేశాన్ని నేను చూడలేదు. పాల సంఘంలో మైకు తీగ తెంపారు. గొర్రెల కాపరుల సంఘంలో ఓట్ల పెట్టెను ఎత్తుకుపోయి జొన్నచేలో దాచారు. చేపల సంఘం వారు నన్ను గదిలో పెట్టి గొళ్లెం వేశారు. అయితే అంతకు ముందు టీ ఇచ్చారు. వీరిలో ఎవరికైనా మతి సరిగా లేదని ఎవరూ ఏనాడూ అనలేదు. సర్కారు దృష్టిలోనూ, సమాజం దృష్టిలోనూ వీరందరూ స్వస్థచిత్తులే.

సభలో ఎలా కూర్చోవాలో, ఒకరు మాట్లాడుతుండగా మరొకరు ఎలా ఆగాలో తెలిసిన సంఘాన్ని నేను పదవీ విరమణ చేసిన పదేళ్లకు గానీ చూడలేదు. ఘనపూర్‌లో దాన్ని అందరూ ‘పిచ్చోళ్ల సంఘం’ అనేవారు.

ఈ ఘనపూర్ భూపాలపల్లి జిల్లాలోది. మా జనగామ పక్కనే రైలు ఆగే మరో ఘనపూర్ ఉండటం వల్ల, నేను వారానికి రెండుసార్లు ఎక్కడికి పోతున్నానో మా వీధివారికి చాలాకాలం తెలియలేదు. తెలిసిన తర్వాత, తెలియకుండా ఉంటేనే బాగుండేదని నాకు అనిపించింది.

నన్ను ఇందులోకి దించినవాడు మా వీధి చివర అద్దెకుండే మానసిక వైద్యుడు. నా కొడుకు వయసువాడు. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి సర్కారు దవాఖానల్లో వంతుల వారీగా రోగులను చూసేవాడు. ఒక ఆదివారం ఉదయం వచ్చి, నేను చూపించిన కుర్చీలో కాకుండా అరుగు మీద కూర్చున్నాడు.

“సార్, గోలీలు నేనిస్తున్న. జబ్బు తగ్గుతున్నది. గని ఇంటికి పోయినంక పొద్దంత వాళ్లు ఏం చెయ్యాలె? ఊకె కూసుంటె పక్కింటోళ్లకు భయం. పనికి పోతె ఎవ్వరు రానియ్యరు. తొమ్మిది మంది ఉన్నరు. విస్తరాకులు కుడ్తమంటున్నరు. జర సంఘం పెట్టియ్యుండ్రి.”

“నిబంధనల ప్రకారం అయితేనే వస్తాను.”

“అందుకే మీ దగ్గరికి వచ్చిన.”

దానిని నేను పొగడ్తగా తీసుకున్నాను.

ఘనపూర్‌లో వాడకం లేని ఒక విత్తనాల గోదాము దొరికింది. దూరం నుంచి వచ్చేవారు పక్క గదుల్లో ఉండి శనివారం ఇళ్లకు పోయేవారు. దగ్గరివారు రోజూ బస్సులో వచ్చేవారు. మహదేవపూర్ అడవుల నుంచి మోదుగాకు కట్టలు వచ్చేవి. ఆకు మీద నీళ్లు చిలకరించి మెత్తబరచడం, ఈనె ఉబికిన వైపు కిందికి, నున్నటి వైపు పైకి ఉండేలా పేర్చడం, సన్నని వెదురు పుల్లలతో గుచ్చడం, ఆఖరున వేడి మెషిన్ కింద ఒత్తడం: పని ఇంతే. ఇందులో మొదటి మూడూ అక్కడి వారికి నేర్పింది టేకుమట్ల దగ్గరి ఒక ఊరి నుంచి వచ్చిన నలభై ఐదేళ్ల స్త్రీ. భూమి గల ఇంటి ఆడపడుచు. పెళ్లయిన నాలుగేళ్లకే అత్తవారు తెచ్చి దిగబెట్టి పోగా, తమ్ముడి ఇంట్లో ఉంటూ, రెండుసార్లు పట్నం మానసిక దవాఖానలో నెలల తరబడి గడిపి వచ్చిన మనిషి. కుట్టిన ప్రతి విస్తరిని ఆమె తలుపు వెలుగుకు ఎత్తి పట్టి చూసేది. సూది మొనంత సందు కనిపించినా పక్కన పడేసేది.

“చారు పోస్తె బట్టల మీదికి వస్తది. పెండ్లిల తిట్లు మనకే,” అనేది. ఇక ఆ మాటకు తిరుగులేదు. అందరూ కలిసి ఆమెనే అధ్యక్షురాలిగా ఎన్నుకున్నారు. నేను చూసినవాటిలో పోటీ లేకుండా జరిగిన ఎన్నిక అదొక్కటే.

సంఘం నమోదు కావాలంటే పది మంది సభ్యులు కావాలని మా వద్ద ఉన్న నమూనా చెప్పింది. ఉన్నది తొమ్మిది మంది. పదో సభ్యునిగా నేనే చేరి, గౌరవ కార్యదర్శి బాధ్యత కూడా తీసుకున్నాను. బైలా అంటే సంఘం నడవవలసిన నిబంధనల పుస్తకం. దానిని కొత్తగా రాయడం కంటే, నేను పూర్వం గొర్రెల కాపరులకు రాసి ఇచ్చిన దానినే ఎత్తి రాయడం ఉత్తమమని తలచాను. గొర్రెలు ఉన్నచోట విస్తరాకులు పెట్టాను. అందులో ఒక క్లాజు ఇలా ఉంది: ‘సభ్యుడు స్వస్థచిత్తుడై ఉండవలెను. మతిస్థిమితము తప్పిన సభ్యుని సభ్యత్వము రద్దగును.’ కాపరులకు ఈ క్లాజు ఎన్నడూ అక్కరకు రాలేదు. ఇక్కడ రావచ్చునని ఊహించి, ‘ప్రతి సభ్యుడును ఇందుకు ప్రభుత్వ వైద్యుని ధ్రువపత్రము జతపరచవలెను’ అని నా సొంత వాక్యం ఒకటి కలిపాను. చక్కగా కుదిరిన వాక్యమని అప్పుడు అనిపించింది.

డాక్టరు చదివి తల గోక్కున్నాడు. “సార్, గీ ముక్క తీసేస్తె కాదా?”

“నమూనాలో ఉంది.”

“నమూనా గొర్లది కద సార్?”

“గొర్రెల కాపరులది. గొర్రెలది కాదు.”

అతడు తొమ్మిది ధ్రువపత్రాలు రాసి ఇచ్చాడు. ప్రతి దానిలోనూ ఒకే వాక్యం: ‘మందులు వాడుచున్నంత కాలము స్వస్థచిత్తులు.’ సంఘం ప్రారంభించిన రోజు నేను ప్రసంగించాను. అధ్యక్షురాలిని పక్కన నిలబెట్టి, ఆమె ధ్రువపత్రాన్ని ఎత్తి చూపి, ‘ఈమె స్వస్థచిత్తురాలు అని ప్రభుత్వ వైద్యులే రాసి ఇచ్చారు’ అని చదివాను. మొదటి మూడు మాటలు విడిచిపెట్టాను. అవి వాక్యపు నడకకు అడ్డం వచ్చాయి. చప్పట్లు బాగా మోగాయి. ఆమెకు చదువు రాదు. ఆ కాగితానికి ఆమె ప్లాస్టిక్ పొర వేయించుకుని ఇంట్లో పెట్టుకుందని తర్వాత విన్నాను.

ఆ ఇంట్లో ఆమె స్థానం కూడా మారిందని విన్నాను. తమ్ముడు ఊరి రాజకీయాల్లో తిరిగే మనిషి. ఇంటికి వచ్చిపోయేవారు ఎక్కువ. అంతకు ముందు అలికిడి కాగానే ఆమెను పశువుల కొట్టం పక్క గదిలోకి పంపి తలుపు వేసేవారట. ఇప్పుడు కుర్చీ వేసి కూర్చోబెట్టి, ‘మా అక్క సంఘం అధ్యక్షురాలు’ అని చెబుతున్నారట.

సంఘంలో నేను నేర్పిన క్రమాన్ని ఆ తొమ్మిది మందీ ఎంత శ్రద్ధగా పట్టుకున్నారంటే, ఒక్కోసారి నాకే ఊపిరి ఆడేది కాదు. ముఖ్యంగా మహబూబాబాద్ నుంచి వచ్చిన ఒకాయన. జబ్బు పడకముందు అక్కడ దస్తావేజులు రాసి బతికినవాడు. బైలా ప్రతి ఒకటి జేబులో పెట్టుకుని తిరిగేవాడు. టీ ఆలస్యమైతే ‘ఏ క్లాజు కింద?’ అని అడిగేవాడు.

వానాకాలం సగంలో ఒక మంగళవారం నేను వెళ్లేసరికి గోదాము షెడ్డు నిశ్శబ్దంగా ఉంది. అధ్యక్షురాలు గోడ వారకు కూర్చుని, కుట్టి పేర్చిన విస్తళ్లలో నుంచి ఒక్కో పుల్లనూ తీస్తోంది. తీసిన ఆకును అరచేత్తో నిమిరి పక్కన పెడుతోంది. తక్కినవారు కుడుతున్నారు, ఆమె విప్పుతోంది. వేగం రెండు వైపులా ఒకటే.

“ఏమిటిది?” అన్నాను.

“గుచ్చితె దానికి నొయ్యదా సారు?” అన్నది, తల ఎత్తకుండా.

“మూడొద్దుల సంది గిదే పని,” అన్నాడు దస్తావేజులాయన. “అన్నం తింటలేదు. మేం ఏమంటలేం. కుట్టినకాడికి కుడుతున్నం.”

మహబూబాబాద్‌లో ఒక గృహప్రవేశానికి ఒప్పుకున్న విస్తళ్లు అవి. నేను గొంతు పెంచలేదు. క్రమం తెలిసిన మనిషిని గనుక, అక్కడే కూర్చుని నోటీసు రాశాను: అజెండా, ఒకటో అంశం, అధ్యక్షురాలి సభ్యత్వ రద్దు.

సమావేశానికి ముందురోజు ఆమె తమ్ముడు జనగామలో మా ఇంటికి కారులో వచ్చాడు. చొక్కా తెల్లగా, ఇస్త్రీ మడత చెడకుండా ఉంది. అది చూసి మొదట మంచి అభిప్రాయమే కలిగింది.

“సార్, ఒక్కటే ముచ్చట. సంఘంల ఉంటె మా ఇంట్ల ఉంటది. మీరు తీసేస్తె పట్నం దవాఖానల జేర్పిస్త. ఈసారి మళ్ల తోలుకొచ్చుడు ఉండది.”

“ఆమె మీ అక్క గారు.”

“అక్కనే, కాదన్ననా? గని నలుగురు వచ్చిపోయే ఇల్లు సార్. సంఘం అధ్యక్షురాలు జర నారాజ్‌గ ఉన్నదంటె ఎవ్వరన్న ఒప్పుకుంటరు. మీరే పిచ్చిదని రాసిచ్చినంక నేనేం చెప్పాలె?”

ఆ రాత నాది కాదని, క్లాజుదని అన్నాను. అతడు నమస్కారం పెట్టి వెళ్లిపోయాడు. ఒక మనిషి ఇల్లు నా అజెండాలో ఒకటో అంశంగా ఉందని అప్పుడు గానీ నాకు తట్టలేదు. తట్టిన తర్వాత కూడా, నిబంధన నిబంధనే అనుకున్నాను.

సమావేశం సరిగ్గా పదకొండింటికి మొదలైంది. ఆమె రాలేదు, తమ్ముడి ఇంట్లో, తలుపు వేసిన గదిలో ఉంది. నేను క్లాజు చదివాను. దస్తావేజులాయన చెయ్యి ఎత్తి, నేను తల ఊపేవరకు ఆగి, లేచాడు.

“సారు, క్లాజుల ‘ప్రతి సభ్యుడును’ అని ఉన్నది. అవునా?”

“అవును.”

“మా తొమ్మిది మంది కాయితాలు ఫైల్ల ఉన్నయి. పదోది దొరుకుతలేదు. మీ కాయితం ఏది?”

నేను కళ్లజోడు తీసి తుడుచుకున్నాను. “నాది అవసరం లేదు.”

“ఎందుకు?”

ఎంత మర్యాదగా చెప్పాలన్నా, నాకు మతి సరిగా ఉందని అందరికీ తెలుసు అనవలసి వచ్చేది. తెలిసిన ఆ అందరూ ఎవరో చెప్పవలసి వచ్చేది.

“అవ్, సారుకు కాయితం లేదట,” అని వెనక నుంచి ఒక ముసలామె పక్కావిడ చెవిలో, అందరికీ వినపడేలా అన్నది. “పాపం, ఎవ్వరు దవాఖానల చూపియ్యలేదేమో.”

“గమ్మునుండు అవ్వా, సభ నడుస్తున్నది,” అని ఆమెను కసిరి, ఆయన నా వైపు తిరిగాడు. “కాయితం తెచ్చేదాక ఒకటో అంశం ఆపుడు మంచిది సారు. కాయితం లేని మనిషి కాయితం ఉన్న మనిషిని తీసేసిండంటె రేపు కోర్టుల నిలవడది.”

ఎనిమిది చేతులు లేచాయి. కుర్చీలన్నీ వరుస తప్పకుండా ఉన్నాయి.

అలా ఒక గురువారం నేను జనగామ దవాఖానలో మానసిక వైద్యుని గది ముందు బల్ల మీద కూర్చోవలసి వచ్చింది. నాతో పూర్వం పనిచేసినాయన బీపీ మందులకు వచ్చి, నన్ను చూసి ఆగాడు.

“ఏంది సార్, గీ లైన్ల కూసున్నరు? బీపీ లైన్ అటు.”

“నాకు తెలుసు.”

“ఇంట్ల అంత మంచేనా?” అన్నాడు, గొంతు బాగా తగ్గించి. సాయంత్రానికల్లా మా వీధిలో అందరి గొంతులూ అలాగే తగ్గాయి. చిల్లర విషయంలో ఎప్పుడూ వాదించే కిరాణావాడు, ఆ రోజు నుంచి నేను ఏది చెబితే దానికి సరేనన్నాడు.

బల్ల మీద నా పక్కనున్న స్త్రీ నా మోకాలు తట్టింది. “మొదటిసారా బాపు? పరేషాన్ కాకు. సూది గీది ఏమియ్యరు. ఊకె ముచ్చటపెడ్తడు.”

నా వంతు వచ్చింది. డాక్టరు నన్ను చూసి నవ్వలేదు. అది అతని మర్యాద. అందరినీ అడిగే ప్రశ్నలే అడిగాడు.

“నిద్ర పడుతున్నదా?”

“నాలుగున్నరకు మెలకువ వస్తుంది. ముప్ఫై ఏళ్లుగా.”

“ఎవరి మీదన్న కోపం వస్తదా?”

“క్రమం తప్పినవారి మీద.”

“గట్లాంటోళ్లు మందిగ ఉంటరా?”

“ఉంటారు.”

“మీ మీద ఎవరన్న కుట్ర చేస్తున్నరని అనిపిస్తదా?”

“సర్వీసులో ఉండగా చేశారు. కాగితాలు ఉన్నాయి.”

అతడు రాసుకున్నాడు. అతని బల్ల మీద చిందరవందరగా ఉన్న పెన్నులను నేను అప్పటికే వరుసలో పెట్టి ఉన్నానని అప్పుడు గమనించాను.

“సార్, ఆ తొమ్మిది మందిని నేను ఏండ్ల సంది చూస్తున్న. వాళ్ల గురించి రాయగలిగిన. మిమ్మల్ని పావుగంట చూసి స్వస్థచిత్తులని ఎట్ల రాయాలె?” అన్నాడు. తర్వాత కలం మూత పెట్టి, “ఆమె గోలీలు ఎందుకు బందు చేసిందో అడిగినరా?” అన్నాడు.

ఆమె గోలీలు మానిందన్న సంగతే నాకు తెలియదు.

“నేను వాళ్లింటికి పోయి అడిగిన. పెద్దసారు అందరి ముంగట చదివిండు, నయమైందని కాయితం మీద ఉన్నది, ఇంక గోలీలెందుకు అన్నది. ఆ కాయితం తెచ్చి నాకే చూపెట్టింది. మొదటి మూడు మాటలు మీరు చదవలేదా సార్?”

వాక్యం నడక గురించి అతనికి చెప్పాలనిపించలేదు. చదవలేదని మాత్రం అన్నాను. గోలీలు మళ్లీ మొదలుపెట్టిందని, మూడు వారాల్లో తేరుకుంటుందని అతడు చెప్పాడు. తమ్ముడు మాత్రం తీర్మానం కోసమే ఆగి ఉన్నాడని కూడా చెప్పాడు. నాకు ఒక కాగితం రాసి ఇచ్చాడు.

మూడు వారాల తర్వాత రెండో సమావేశం. తమ్ముడి కారు షెడ్డు బయట ఆగింది. వెనక సీటులో ఆమె, ఆమె పక్కన బట్టలు కుక్కిన సంచి ఉన్నాయి. తీర్మానం ఒక రకంగా ఉంటే పట్నం, మరో రకంగా ఉంటే ఇల్లు అని అతడు నాతో తలుపు దగ్గరే చెప్పాడు. నేను లోపలికి పోయి, అధ్యక్షురాలి కుర్చీలో కూర్చుని, నా కాగితాన్ని ఈసారి ఒక్క మాటైనా విడిచిపెట్టకుండా చదివాను: ‘ఒక్క పరీక్షతో వీరి విషయమున నిర్ధారణగా చెప్పుట సాధ్యము కాదు. మూడు నెలల పిదప మరల రావలెను.’

షెడ్డులో ఎవరూ నవ్వలేదు. వారందరికీ అలాంటి కాగితాలు అలవాటే. దస్తావేజులాయన లేచాడు.

“అయితే సారు సభ్యుడు కాడు. సభ్యుడు కానోడు కార్యదర్శి కాడు. కార్యదర్శి కానోడిచ్చిన నోటీసు చెల్లది. నోటీసు చెల్లకపోతె అక్కను తీసేసే ముచ్చటే లేదు.”

“పదోడు లేకపోతె మరి సంఘం ఉంటదా?” అని ముసలామె అడిగింది.

ఉండదు. ఆ మాట అందరికీ ఒకేసారి తెలిసింది. ఆ క్లాజు ఉన్నంతకాలం అక్కడ సంఘమే లేదు. ముప్ఫై నాలుగేళ్లు ఇతరుల బైలాల్లో తప్పులు పట్టిన నేను నా చేతి రాతతోనే ఒక సంఘాన్ని లేకుండా చేశాను; అందుకు ఏ కుర్చీనీ విరగగొట్టవలసిన అవసరం కూడా కలగలేదు.

“ఆ క్లాజు తొలగించాలని నేను ప్రతిపాదిస్తున్నాను,” అన్నాను. ప్రారంభోత్సవం నాడు నేను ఏం చదవలేదో, దాని వల్ల ఏం జరిగిందో కూడా చెప్పాను. ఎవరూ నన్ను తిట్టలేదు.

దాని చోట ఏం రాయాలన్న చర్చ అరగంట నడిచింది. చివరకు వారు చెప్పింది చెప్పినట్టు రాశాను: ‘సభ్యునికి జబ్బు తిరగబడితే అతని పని తక్కినవారు చూడవలెను. గోలీలు వేసుకున్నావా అని రోజూ అడగవలెను. తిట్టరాదు.’ చివరి మాట నిబంధనల భాషకు తగదని నేను అన్నాను. ఉండాలని ఎనిమిది మంది అన్నారు. ఉంచాను. అధ్యక్షురాలి సభ్యత్వం, పదవి యథాతథంగా కొనసాగుతాయన్న తీర్మానం కూడా రాసి, దాని నకలు తీసుకుని బయటికి నడిచాను.

తమ్ముడు చదివాడు. “ముద్ర లేదు సార్.”

“వేస్తాను.”

“అధ్యక్షత ఎవరు వహించిండ్రు?” అని వెనక సీటులో నుంచి ప్రశ్న వచ్చింది.

ఆమె కారు దిగుతోంది. మాట నెమ్మదిగా, కొంచెం ముద్దగా వస్తోంది. చేతులు సన్నగా వణుకుతున్నాయి. అది గోలీల వల్లనని డాక్టరు ముందే చెప్పాడు.

“నేనే కూర్చున్నాను,” అన్నాను.

“నేను ఈడనే కార్ల ఉండంగనా?”

“అవును.”

“మీరు సభ్యులు కారని లోపట అనుకుంటుంటె ఇన్న. తలుపు తీసే ఉన్నది.” ఆమె కొంగు సర్దుకుంది. “గట్లయితె చెల్లది సారు. మళ్ల పెట్టుండ్రి.”

తమ్ముడు గడియారం చూసుకున్నాడు. “అక్కా, చీకటి పడకముందు పోవాలె, ఏదన్న ఒకటి తెంపుండ్రి...”

“సంఘం నడుస్తున్నది. నువ్వు జర ఆగు,” అని ఆమె లోపలికి నడిచింది.

సమావేశం మళ్లీ జరిగింది. ఆమె కుర్చీలో కూర్చుంది. ప్రతి తీర్మానాన్నీ నన్ను మొదటి నుంచి చివరిదాకా చదవమంది, చదివినంతసేపూ నా నోటి వైపే చూసింది. ‘తిట్టరాదు’ అన్నచోట చెయ్యి ఎత్తి ఆపింది. “గది ఇంటోళ్లకు గూడ వర్తిస్తదా?” అని అడిగింది. బైలా సభ్యులకే వర్తిస్తుందని నేను చెప్పాను. ఆమె తలుపు అవతల నిలబడ్డ తమ్ముడి వైపు చూసింది.

“అయినా రాయుండ్రి. చదువుకుంటడు.”

రాశాను. ఏ నమూనాలోనూ లేని మాట అది. అధికార పరిధికి వెలుపలిది. ఆమోదానికి పంపితే ఎర్ర సిరాతో కొట్టివేసి తిప్పి పంపడం ఖాయం. నేనైతే అలాగే కొట్టివేసి ఉండేవాణ్ణి. ఆమె వేలిముద్ర వేసింది; వణుకు వల్ల కొంచెం చెదిరింది. నేను ముద్ర వేసి తీర్మానాల నకలు తమ్ముడికి ఇచ్చాను. అతడు నిలబడే చదివాడు, చివరి వాక్యం దగ్గర ఒకసారి అక్క వైపు చూశాడు. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి ఇస్త్రీ చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

పట్నం పోవాలంటే కారు పరకాల వైపు తిరగాలి. తిరగలేదు. టేకుమట్ల రోడ్డు ఎక్కింది. ఆమె ముందు సీటులో కూర్చుని ఉంది.